బ్రేకత్త నల్లకళ్ళద్దాలు

మా ఆయన అక్కను వీధిలో పిల్లలంతా బ్రేకత్త అంటారు. ఆవిడ డ్రైవింగు నేర్పుతుంది. నేర్చుకునేవాళ్ళ పక్క సీటు ముందు, ఆవిడ కాలికింద, ఇంకో బ్రేకు ఉంటుంది. ఏళ్ళ తరబడి దానిమీద కాలు పెట్టుకుని కూర్చోవడంతో ఆ కుడికాలికి సొంత బుద్ధి ఒకటి పుట్టింది. బస్సులో ఉన్నా, సోఫాలో కూర్చుని టీవీ చూస్తున్నా, ఎదురుగా ఏదైనా వేగంగా వస్తే చాలు, ఆ కాలు నేలను నొక్కేస్తుంది. మా పాప నడక నేర్చుకునే రోజుల్లో గడప దగ్గరికి వచ్చినప్పుడల్లా వదిన కాలు టక్కుమనేది. పాప నిజంగానే ఆగిపోయేది. ఇంట్లో అందరూ పడీ పడీ నవ్వేవారు. నేనూ నవ్వేదాన్ని గానీ, లోపల ఎక్కడో చిన్న ముల్లు గుచ్చుకునేది. ఆగమ్మా, ఆగమ్మా అని నేను గొంతు చించుకున్నా ఆగని పిల్ల ఆవిడ కాలి చప్పుడుకు ఆగడమేమిటి?

పాప పెరిగినకొద్దీ ఆ ముల్లూ పెరిగింది.

వదిన ఆ డ్రైవింగు స్కూల్లో మొదట గుమాస్తాగా చేరింది. ఫోనెత్తడం, వచ్చినవాళ్ళకు టైము చెప్పడం ఆవిడ పని. ఒకరోజు నేర్పే మాస్టారు రాలేదు. ఇద్దరు ఆడవాళ్ళు అప్పటికే కారెక్కి కూర్చున్నారు. "నాకూ నడపడం వచ్చు, పదండి" అని వదిన వెళ్ళి పక్క సీట్లో కూర్చుందట. మర్నాడు వాళ్ళిద్దరూ మాస్టారు వద్దు, ఆవిడే కావాలన్నారు. మాస్టారు అరిచేవాడు. వదిన అరవదు. అరవడం మాట అటుంచి, అసలు ఏదీ వివరించదు. సరిగ్గా చేస్తే "ఊఁ" అంటుంది. తప్పు చేస్తే "ఉహూఁ" అంటుంది. అంతకు మించి కారులో ఆవిడ నోట మాట రాదు. మిగతాది కాళ్ళూ చేతులూ వాటంతటవే పట్టుకుంటాయని ఆవిడ నమ్మకం. కారు దిగాక మాత్రం ఆ నోటికి తాళం వేసేవాడు ఇంకా పుట్టలేదు.

ఇంకొకటి ఉంది. కారెక్కితే నల్లకళ్ళద్దాలు పెట్టుకోవలసిందే. ఎండైనా సరే, మబ్బైనా సరే, వానైనా సరే. వెడల్పాటి అద్దాలు, సగం ముఖం వాటి వెనకే. వీధిలో వాళ్ళు షోకనుకుంటారు. నేనూ అలాగే అనుకున్నాను. "ఈ వయసులో మీ అక్కకు ఆ షోకులేమిటండీ" అని మా ఆయనతో అన్నాను కూడా.

పెళ్ళెందుకు చేసుకోలేదని ఎవరైనా అడిగితే వదిన దగ్గర జవాబు సిద్ధంగా ఉంటుంది. "ఎవరి పక్కన కూర్చున్నా నా కాలికింద ఒక బ్రేకుండాలి. అలాంటి సంసారం ఎక్కడా దొరకలేదు."

ఆవిడది కింద వాటా, మాది పై వాటా. మధ్యలో ఒక మలుపు తిరిగే మెట్లు. నేను కెమిస్ట్రీ చదివి, నీటి పరీక్షల ప్రయోగశాలలో పనిచేస్తున్నాను. బోర్ల నుంచీ కుళాయిల నుంచీ సీసాల్లో పట్టి తెచ్చిన నీళ్ళలో ఏమేం కలిసి ఉన్నాయో చూడటం నా పని. తేటగా కనిపించే నీళ్ళను చూసినా అనుమానపడటానికే నన్ను పెట్టుకున్నారు. ఆ అనుమానం ఇంటికి కూడా నా వెంటే వస్తుంది. పాప తుమ్మితే నుదురు పట్టుకుని చూస్తాను. కుంటుతూ వస్తే "ఎక్కడ పడ్డావు, ఎలా పడ్డావు, తలకు తగిలిందా, వాంతి వస్తున్నట్టుందా" అని ఊపిరి తీసుకోకుండా అడుగుతాను. "ఎక్కడా పడలేదు" అంటుంది పాప. మోకాలు మాత్రం చెక్కుకుపోయి ఉంటుంది.

వదిన దగ్గర నేనూ కొన్నాళ్ళు డ్రైవింగు నేర్చుకున్నాను. "క్లచ్ లోపల ఏం జరుగుతుందో చెప్పండి వదినా, తెలిస్తే కాలు దానంతటదే సరిగ్గా పడుతుంది" అన్నాను. "ఉహూఁ" అంది ఆవిడ. నేను చేసింది తప్పో ఒప్పో తెలియక మాటిమాటికీ ఆవిడ వంక చూసేదాన్ని. ఆ నల్లటి అద్దాల్లో నా బెదురు ముఖమే రెండుగా కనిపించేది తప్ప ఇంకేమీ దొరికేది కాదు. బండి ఆగిపోయినప్పుడల్లా వెనక సీట్లోంచి మా పాప కిలకిలా నవ్వేది. "నీ బుర్ర క్లచ్ దగ్గరుంది, కాలు పుస్తకంలో ఉంది అమ్మాయ్" అంది వదిన ఒకరోజు కారు దిగాక. మర్నాటి నుంచి వెళ్ళడం మానేశాను.

పాపకు నేను నెలల తరబడి ఆలోచించి మంచి పేరు పెట్టాను. ఆవిడ ఒక్క పూటలో తూనీగ అని పిలిచింది. ఇప్పుడు ఇంట్లో, వీధిలో, ఆఖరికి బళ్ళో కూడా అది తూనీగే. బడి నుంచి రాగానే సంచీ మెట్ల మీద పడేసి ముందు కింద వాటాలోకి దూరుతుంది. పన్ను కదులుతోందని, ఆటలో పడ్డానని, పక్కపిల్లతో పోట్లాట అయిందని, అన్నీ ముందు అక్కడే. నాకు తెలిసేది వదిన నోటి నుంచి.

"పిల్లకు పై పన్ను కదులుతోందిగా. నీకు చెప్పలేదా?"

ఆవిడ మామూలుగానే అడుగుతుంది. కానీ "నీకు చెప్పలేదా" అన్న మాట వింటే నాకు అరికాలి మంట నెత్తికెక్కుతుంది. "ఆఁ, చెప్పింది" అని అబద్ధమాడి పైకి వచ్చేస్తాను.

ఇలా ఉండగా పాప క్లాసు టీచరు నాకు ఫోన్ చేసింది. రెండో తరగతి పిల్లలు ఏ సందేహం వచ్చినా ఫోన్నే అడుగుతున్నారట. అది జవాబెలా చెబుతుందని అడిగితే ఒకడు లోపల మనిషున్నాడంటాడట, ఇంకొకడు దయ్యముందంటాడట. "మీరు సైన్సు చదివారు కదా. శనివారం చివరి పీరియడులో వచ్చి కృత్రిమ మేధ ఎలా పనిచేస్తుందో వీళ్ళకు తెలిసేలా చెప్పగలరా?" అంది.

ఫోన్ పెట్టేశాక కాసేపు గదిలో అటూ ఇటూ తిరిగాను. ఎట్టకేలకు నా చేతికి ఒకటి దొరికింది. వదినకు రాని విషయం, నాకు వచ్చిన విషయం, అదీ మా పాప క్లాసులో, మా పాప ఎదురుగా.

పెద్ద చార్టు తెచ్చి గుండ్రాలు గీశాను. ఒక్కో గుండ్రం నుంచి ఇంకో గుండ్రానికి గీతలు కలిపాను. ముందు పాప మీదే పరీక్షించి చూద్దామని బల్ల దగ్గర కూర్చోబెట్టుకున్నాను.

"ఇదిగో, ఈ గీతలున్నాయే, ఒక్కోదానికి ఒక్కో బరువుంటుంది."

"గీతకు బరువేంటమ్మా? కాగితం మీద గీతేగా?"

"నిజం బరువు కాదమ్మా, అంకె. యంత్రం తప్పు జవాబు చెప్పినప్పుడల్లా ఆ అంకెలు కొంచెం కొంచెం మారతాయి. అలా మారగా మారగా జవాబు సరిగ్గా వస్తుంది."

"ఎవరు మారుస్తారు?"

"ఎవరూ కాదు. లెక్క మారుస్తుంది."

"లెక్కకు చేతులుంటాయా?"

"ముందు పూర్తిగా విను, ఆ తర్వాత అడుగు."

పూర్తిగా విన్నది గానీ, వింటూనే కుర్చీలోంచి మెల్లగా కిందికి జారింది. ముందు భుజాలు, తర్వాత గడ్డం, ఆ తర్వాత తలకాయ బల్లకింద మాయమైంది. ఇంకాస్సేపటికి తలుపు దగ్గర నుంచి గొంతు వినిపించింది. "అత్తనడిగొస్తా."

నేను మెట్ల మలుపు దాకా వెళ్ళి ఆగాను. దొంగచాటుగా వినడం నాకు అలవాటు లేదు. ఆ రోజు అలవాటైంది.

"దాని సంగతి నాకేం తెలుసే తూనీగా" అంటోంది వదిన. "నా ఫోన్ నా మొహం చూసి గుర్తుపడుతుంది. అంతవరకే నాకు తెలుసు."

"మరి దానికెవరు నేర్పారు?"

"ఎవరో పక్క సీట్లో కూర్చుని ఊఁ, ఉహూఁ అనుంటారు. ఉండు, నిన్ను యంత్రాన్ని చేస్తా."

పాత పత్రికల్లోంచి బొమ్మలు కత్తిరించిన చప్పుడు, రెండు ప్లాస్టిక్ బుట్టలు నేలమీద జరిపిన చప్పుడు వినిపించాయి. తొంగి చూశాను. ఏ బొమ్మ ఏ బుట్టలోకో వదిన మనసులో ఒక నియమం అనుకుంది. అదేమిటో పాపకు చెప్పలేదు. బొమ్మ చూపిస్తుంది, పాప ఏదో ఒక బుట్టలో వేస్తుంది. "ఉహూఁ." ఇంకో బొమ్మ. "ఉహూఁ." మరొకటి. "ఊఁ." మొదట్లో అన్నీ తప్పుల తడకే. పోనుపోను ఊఁలు పెరిగాయి, ఉహూఁలు తగ్గాయి. చివరికి పాప అంతకుముందు చూడని బొమ్మలు చూపించినా ఊఁలే.

"ఎలా తెలిసిందే?"

"తెలీదత్తా. చేతికి తెలిసిపోతోంది."

మలుపులో నిలబడి నేను గోడకు ఆనుకున్నాను. చార్టు మీద గుండ్రాలతో నేను చెప్పలేకపోయింది రెండు బుట్టలతో వచ్చేసింది. ఆ ఆట బాగా లేకపోతే నాకెంత బాగుండేది!

ఆ సాయంత్రం పాప నా దగ్గరికి వచ్చి నిలబడింది. "అమ్మా, శనివారం... అత్త..."

"ఆఁ? అత్త?"

పాప నా ముఖం వంక చూసి, "ఏం లేదు" అని వెళ్ళిపోయింది.

తెల్లారి మెట్ల దగ్గర వదిన ఎదురైంది. "శనివారం నన్ను కూడా బడికి రమ్మంది పిల్ల. బుట్టలాట ఆడిద్దామంటోంది. నీకు చెప్పలేదా?"

"చెప్పింది" అన్నాను. పళ్ళ మధ్య నుంచి ఆ మాట ఎలా బయటికి వచ్చిందో నాకే తెలియదు.

మా ఆయనతో చెప్పి గింజుకున్నాను. ఆయన షూ తుడుచుకుంటూ, "ఇద్దరూ వెళ్ళండి. ఒకళ్ళు స్టీరింగు, ఒకళ్ళు బ్రేకు" అన్నాడు. ఆ మాటకు ఇవాళ్టికీ ఆయన మీద నాకు కోపమే.

శనివారం వచ్చింది. నేను ఇస్త్రీ చీర కట్టుకుని, చార్టు చుట్టి చంకలో పెట్టుకుని వెళ్ళాను. పిల్లలు బుద్ధిగానే కూర్చున్నారు. గుండ్రాలు చూపించాను, గీతలు చూపించాను. ముందు వరసలో ఒకడు చెయ్యెత్తాడు. ప్రశ్న వచ్చిందని పొంగిపోయాను. "ఆంటీ, ఆ చార్టు వెనక ఖాళీగా ఉంది కదా, అయిపోయాక మాకిచ్చేస్తారా?" అన్నాడు. కిటికీ పక్కనున్న పిల్ల బల్ల మీద తల పెట్టుకుని హాయిగా నిద్రపోయింది. మా పాప మాత్రం కళ్ళార్పకుండా నన్నే చూస్తూ కూర్చుంది. పాఠం అర్థమవుతోంది కాబోలనుకున్నాను.

అంతలో వదిన వచ్చింది. ఎవరికో పాఠం ముగించి నేరుగా వచ్చినట్టుంది, నల్లకళ్ళద్దాలతోనే లోపలికి అడుగుపెట్టింది. రెండు చేతుల్లో రెండు బుట్టలు, ఒకటి ఎర్రది, ఒకటి నీలం. పిల్లలంతా లేచి నిలబడ్డారు. నేను వచ్చినప్పుడు టీచరు లెమ్మంటే లేచారు.

"ఆంటీ, కళ్ళద్దాలు తియ్యరా?" అన్నాడు ఒకడు.

"తీస్తే జడుసుకుంటావురా" అంది వదిన. క్లాసంతా ఘొల్లుమంది.

యంత్రం ఎవరంటే అందరూ చేతులెత్తారు. వదిన తూనీగను రమ్మంది. పాపను కాసేపు బయట వరండాలో నిలబెట్టి, టీచరు మాకందరికీ రహస్యంగా ఒక కొత్త నియమం చెప్పింది. నీళ్ళలో తేలేవి ఎర్ర బుట్టలోకి, మునిగేవి నీలం బుట్టలోకి. యంత్రానికి మాత్రం ఆ మాట చెప్పకూడదు. వేసింది సరైతే అందరూ ఊఁ అనాలి, తప్పైతే ఉహూఁ అనాలి. నేను చార్టు చుట్టుకుని క్లాసు వెనక, కిటికీ పక్కన నిలబడ్డాను.

పాప లోపలికి వచ్చింది. వదిన మొదటి బొమ్మ ఎత్తి చూపించింది. ఎండుటాకు. పాప చెయ్యి నీలం బుట్ట మీద ఆగింది, పక్కకు జరిగింది, ఆకును ఎర్ర బుట్టలో వదిలింది. "ఊఁ!" అని క్లాసు అరిచింది. తాళంచెవి. నీలం. "ఊఁ!" రబ్బరు బంతి. ఎర్రది. "ఊఁ!" కత్తెర, గుండ్రాయి, సీసా మూత. ఊఁ, ఊఁ, ఊఁ. పిల్లలు బల్లలు చరుస్తున్నారు.

నా అనుమానపు బుద్ధి తల ఎత్తింది. ఇంట్లో ఈ పిల్ల బోలెడు తప్పులు చేశాక గానీ దారిలో పడలేదు. ఇక్కడ మొదటి బొమ్మ నుంచే ఒప్పులు. నేర్చుకోకముందే ఎలా వచ్చేసింది? వరండాలోకి మాటలు వినిపించాయేమో అనుకున్నాను.

ఆ ఆలోచన పూర్తికాకుండానే టీచరు నా పక్కకు వచ్చింది. "అబ్బ, ఎంత తేలిగ్గా చెప్పేశారండీ! మీ వదినగారు అసలు టీచరు కావలసింది" అంది. "ఆవిడకూ పిల్లకూ ఎంత జత కుదిరిందో చూడండి."

నేను నవ్వాను. అంటే నవ్వాననుకున్నాను.

తర్వాతి బొమ్మ ఈక. పాప చెయ్యి ఎర్ర బుట్ట మీదికి వెళ్ళింది, ఆగింది, వెనక్కి వచ్చి నీలం బుట్టలో వదిలింది. "ఉహూఁ!" మేకు. చెయ్యి నీలం మీద తచ్చాడి ఎర్ర బుట్టకు వెళ్ళింది. "ఉహూఁ!" బాతు. నీలం. "ఉహూఁ!" సుత్తి. ఎర్రది. పిల్లలకు ఇది ఇంకా సరదాగా ఉంది. "యంత్రం చెడిపోయింది! యంత్రం చెడిపోయింది!" అని ఒకటే గోల. వదిన పెదవులు బిగుసుకున్నాయి. ఇంకో బొమ్మ, ఇంకో ఉహూఁ.

నిజం రాస్తున్నాను కాబట్టి ఇదీ రాయాలి. ఆ గోల మధ్య నాకు ఒక్క క్షణం చల్లగా అనిపించింది. మీ ఆట కూడా చెడిందిగా వదినా, అనుకున్నాను.

ఆ వెంటనే లెక్క తట్టింది. ఏమీ తెలియనివాళ్ళు గుడ్డిగా వేస్తే సగం తప్పవుతాయి, సగం ఒప్పవుతాయి. అన్నిటికి అన్నీ తప్పు వెయ్యాలంటే, దేన్నో ఒకదాన్ని నమ్ముకుని వెయ్యాలి. అదేదో తలకిందులై ఉండాలి. పాప కళ్ళు ఎటు చూస్తున్నాయా అని చూశాను. బొమ్మ వైపు కాదు. వదిన వైపు కాదు. క్లాసంతా దాటి, వెనక కిటికీ పక్కన నిలబడ్డ నా వైపు.

నేను మెల్లగా కిటికీ వైపు తిరిగాను. బయట సైకిళ్ళు వరసగా నిలబెట్టి ఉన్నాయి. వాటినే చూస్తూ నిలబడ్డాను. వెనక నుంచి ఊఁ గానీ ఉహూఁ గానీ వినిపించలేదు. క్లాసు గోల కూడా సద్దుమణిగింది.

"వెయ్యమ్మా, ఏదో ఒక దాంట్లో వెయ్యి" అంది టీచరు.

నేను తిరిగి చూశాను. పాప చేతిలో కొవ్వొత్తి బొమ్మ ఉంది. చెయ్యి రెండు బుట్టల మధ్య గాలిలో ఆగి ఉంది. నా ముఖం ఎప్పుడు తిరుగుతుందా అని చూస్తోంది.

అంతమంది పిల్లలు గొంతెత్తి తప్పని అరుస్తున్నా ఆ పిల్ల వినలేదు. ప్రాణంలా చూసుకునే అత్త ఉహూఁ అన్నా వినలేదు. మొదట్లో చెయ్యి సరైన బుట్ట మీదికి రాగానే నా ముఖం తేటపడి ఉంటుంది. టీచరు ఆ మాటన్నాక, సరైన బుట్ట మీదికి వచ్చినప్పుడల్లా నా ముఖం మాడిపోయి ఉంటుంది. నా కుళ్ళు నాకు తెలియకుండానే నా కూతురికి పాఠం చెబుతోంది.

నేను ముందుకు నడిచాను. నా చార్టు ఎక్కడో జారిపోయింది.

"యంత్రం చెడిపోలేదు" అన్నాను. "ఇది బొమ్మల్ని చూసి నేర్చుకోవడంలేదు. నా ముఖం చూసి వేస్తోంది. మీరందరూ ఊఁ, ఉహూఁ అంటున్నారు కానీ, దీనికి అంతకంటే తేలికైన దారి ఒకటి దొరికింది. నిజం యంత్రాలూ ఇంతే. మనం ఏది నేర్పామనుకున్నామో అదే నేర్చుకుంటాయని నమ్మకం లేదు. కుక్క బొమ్మలన్నీ గడ్డి మీద తీసినవీ, పిల్లి బొమ్మలన్నీ సోఫా మీద తీసినవీ చూపించామనుకోండి. కుక్కను సోఫా మీద కూర్చోబెడితే ఏమంటుంది?"

"పిల్లి!" అని అరిచారు. నిద్రపోయిన పిల్ల కూడా లేచింది.

"అవును. ఎందుకంటే అది కుక్కను చూడనేలేదు, గడ్డిని చూసింది. ఇప్పుడు మళ్ళీ మొదలుపెడదాం. అందరూ ముఖాలకు పుస్తకాలు అడ్డం పెట్టుకోండి. బుట్టలో వేశాకే గొంతు బయటికి రావాలి."

నేనూ నా ముఖానికి ఎవరిదో లెక్కల పుస్తకం అడ్డం పెట్టుకున్నాను. వదినకు ఆ అవసరం లేదు. ఈసారి పాప నిజంగా తప్పులు చేసింది. చేసి చేసి, మెల్లమెల్లగా దారిలో పడింది. చివర్లో కొత్త బొమ్మ, చెక్కపెట్టె, చూపించగానే తటపటాయించకుండా ఎర్ర బుట్టలో వేసింది. "ఊఁ!" అని పుస్తకాలన్నీ ఒక్కసారి గాలిలోకి లేచాయి.

అంతా అయ్యాక, చార్టు అడిగిన ఆ మొదటి వరసవాడు మళ్ళీ చెయ్యెత్తాడు. "ఆంటీ, ముందు మీ మొహం సరిగ్గానే చెప్పింది కదా. తర్వాత తప్పెందుకు చెప్పింది?"

నా దగ్గర జవాబు ఉంది. పిల్లల ముందు చెప్పే జవాబు కాదు.

"అద్దాలు పెట్టుకోలేదుగా, అందుకని" అంది వదిన.

ఇంటికి ఆవిడ కారులోనే బయల్దేరాం. వదిన నడుపుతోంది. నేను పక్క సీట్లో, అంటే ఆవిడ చోటులో, కూర్చున్నాను. కాళ్ళ దగ్గర ఆ రెండో బ్రేకు. పాప వెనక సీట్లో ఉంది.

"ఆ అద్దాలు షోకనుకున్నాను వదినా" అన్నాను.

"అందరూ అదే అనుకుంటారు. నేర్చుకునేవాళ్ళు రోడ్డు చూడరే, నా మొహం చూస్తారు. ఎదురుగా లారీ వస్తుంటే నా మొహం మారుతుంది, అది చూసి వాళ్ళు స్టీరింగు వదిలేస్తారు. ఒకసారి అలాగే గోడకెక్కించారు. ఆ సాయంత్రమే కొన్నా."

వెనక నుంచి పాప ముందుకు వంగింది. "అమ్మ మొహం నాకు మొత్తం వచ్చు. చూపించనా?"

"చూపించు" అంది వదిన. నన్నడగలేదు.

"పడ్డానని చెప్తే ఇలా." కనుబొమలు పైకి లేపి, నోరు తెరిచింది. "దగ్గితే ఇలా. నేను అత్త దగ్గర్నుంచి పైకెళ్తే..." పెదవులు నవ్వుతూ, కళ్ళు మాత్రం చిన్నవై, ముక్కు కాస్త బిగుసుకున్న ముఖమొకటి పెట్టింది. అద్దంలో ఎన్నడూ నాకు కనిపించని ముఖం. కానీ చూడగానే నాదేనని తెలిసిపోయింది.

"అందుకే ముందు అత్తకి చెప్తా. అత్త మొహం ఏమీ అవ్వదు. అక్కడ చెప్పడం అలవాటు చేసుకుని, తర్వాత నీకు చెప్దామనుకుంటా. ఈలోపల అత్తే చెప్పేస్తుంది."

వదిన గబుక్కున దగ్గింది. నేను కిటికీలోంచి బయటికి చూశాను.

ఇంటి ముందు కారాగగానే పాప దూకి మెట్ల వైపు పరిగెత్తింది. నేను తలుపు తియ్యబోతుంటే వదిన ఆగమన్నట్టు చెయ్యెత్తింది. కళ్ళద్దాలు తీసి కొంగుతో తుడిచింది. కారులో ఆ కళ్ళను చూడటం నాకు అదే మొదలు.

"నీకో సంగతి చెప్పనా అమ్మాయ్. పొద్దస్తమానం నా దగ్గరే పడుంటుంది. నా బిస్కెట్లు తింటుంది, నా మంచమెక్కి గంతులేస్తుంది. ఇందాక అంతసేపు ఎదురుగా నిలబడ్డానే, ఒక్కసారి, ఒక్కసారంటే ఒక్కసారి నా వంక చూసిందా? అంతమందిని దాటి నీ మొహమే వెతుక్కుంది. అద్దాలు తీసినా నా మొహం దానికక్కర్లేదే. కుళ్ళుకోవడానికి నీకేం తక్కువైందో నాకు తెలీదు. కుళ్ళుకోవలసింది నేను."

"మీరా?" అన్నాను.

"నేను కాకపోతే నా బ్రేకా? దిగు." ముందున్న చిన్న అరలోంచి ఇంకో జత నల్లకళ్ళద్దాలు తీసి నా ఒళ్ళో పడేసింది. పాతవి, ఒక కాడ వదులైంది. "పిల్ల ఏదైనా చెప్పడానికొచ్చినప్పుడు పెట్టుకో. నీ మొహానికి వేరే బ్రేకు లేదు."

ఆవిడ మీద జాలిపడాలని చూశాను. జాలి కంటే ముందు సంతోషమే వచ్చింది. నాకంటే ఆవిడే ఎక్కువ కుళ్ళుకుంటోందన్న సంతోషం. మెట్లెక్కుతుంటే కాళ్ళు తేలిగ్గా పడ్డాయి.

అద్దాలు వంటింటి అలమరాలో పెట్టుకున్నాను. కొన్నాళ్ళ దాకా వాటి అవసరం రాలేదు. అలవాటు ప్రకారం బడి సంచీ మెట్ల మీదే ఉండేది, పాప కింద వాటాలోనే ఉండేది. నా ముల్లు కూడా ఉన్నచోటే ఉండేది.

ఒక సాయంత్రం నేను ప్రయోగశాల నుంచి వచ్చి చేతులు కడుక్కుంటుంటే పాప గుమ్మంలో వచ్చి నిలబడింది. సంచీ ఇంకా వీపు మీదే ఉంది. ఒక కాలి మీద ఇంకో కాలు వేసి నిలబడి, గోడ గీకుతోంది. ఏదో ఉంది. నేను తడిచేతులతోనే అలమరా తీసి అద్దాలు పెట్టేసుకున్నాను. వంటిల్లంతా చీకటైపోయింది.

"చెప్పమ్మా" అన్నాను.

పాప దగ్గరికి వచ్చి తలెత్తి చూసింది. అటు నుంచి చూసింది, ఇటు నుంచి చూసింది. బల్ల పక్కనున్న పీట జరుపుకుని, ఎక్కి, రెండు చేతులతో ఆ అద్దాలు నా ముఖం మీంచి తీసేసింది.

"వద్దమ్మా. ఏమీ కనబడట్లేదు."

తీసి తనే పెట్టుకుంది. ముక్కు మీంచి జారుతుంటే చేత్తో పట్టుకుని నిలబడింది.

"కింద పూలకుండీ పగిలింది. నేనే పగలగొట్టా. బంతి తగిలి."

కాలికి ముక్కలు గుచ్చుకున్నాయా, చెయ్యి తెగిందా అని అడగవలసిన నేను, వేరే ఏదో అడిగాను. "అత్తకు చెప్పావా?"

"లేదు. నీకే ముందు."

"ఎందుకని?"

"ఆ కుండీ అత్తదే."

వదినకు ఆ కుండీ అంటే ప్రాణం. కిందికి వెళ్ళి చెప్పాలి, ముక్కలు ఏరాలి, పిల్ల చేత క్షమాపణ అడిగించాలి. అవన్నీ నాకు తెలుసు. మెట్ల దగ్గర ఆవిడను ఆపి, "మీ పూలకుండీ పగిలింది వదినా, మీకు చెప్పలేదా?" అని అడగవచ్చని కూడా అప్పుడే తట్టింది.

పీట మీద నిలబడ్డ నా కూతురు అద్దాలు కాస్త కిందికి దించి, వాటి పైనుంచి నన్ను చూసింది.

"అమ్మా, కుండీ పగిలితే నవ్వుతున్నావేంటి?"